ఐపీ పెట్టి సీటు పోగొట్టుకున్నవాడు మళ్ళీ అదే సీటుకి ఎలా గెలిచాడు?

ప్రశ్న క్లుప్తంగా: 1897లో న్యూజిలాండ్ బ్రిటిష్ వలసగా ఉన్నప్పుడు, జోసెఫ్ వార్డ్ అనే మాజీ ఆర్థికమంత్రి దివాలా తీసి పార్లమెంటు సీటు పోగొట్టుకున్నాడు. ఆ ఖాళీకి జరిగిన ఉప ఎన్నికలో తనే నిలబడి గెలిచాడు. చట్టం దీన్ని ఎలా ఒప్పుకుంది? ఎన్నికల అధికారి నామినేషన్ ఎందుకు తిప్పికొట్టలేదు? ఈ రోజుల్లో మన దగ్గరైతే సాధ్యమా?

సమాధానం:

సివిల్ కోర్టుల్లో ఐపీ కేసులు చాలా ఏళ్ళు నడిపినవాణ్ణి కాబట్టి ఈ వార్డ్ కథంటే నాకు మొదటినుంచీ ఆసక్తి. దీన్ని చాలామంది "చట్టంలో లొసుగు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. లొసుగు ఉన్న మాట నిజమే. కానీ అది ఎక్కడుందో చూడకపోతే ఎన్నికల అధికారిని అనవసరంగా తప్పుపడతాం.

అప్పటి న్యూజిలాండ్ చట్టం సభ్యుడు దివాలాదారు అయితే అతని సీటు ఖాళీ అవుతుందని చెప్పింది. దివాలాదారు ఎన్నికల్లో నిలబడకూడదని మాత్రం చెప్పలేదు. ఈ రెండూ ఒకటే అనిపిస్తుంది గానీ, కాదు. ఉన్న కుర్చీ పోవడానికి ఒక నియమం, కొత్తగా కుర్చీ కోసం పోటీ చేయడానికి ఇంకో నియమం. మొదటిదాన్ని రాసినవాళ్ళు రెండోది రాయడం మర్చిపోయారో, అక్కర్లేదనుకున్నారో ఇప్పుడు తేల్చలేం. 1852లో లండన్ పార్లమెంటు న్యూజిలాండ్‌కి రాజ్యాంగ చట్టం చేసినప్పుడే సీటు ఖాళీ అయ్యే కారణాల వరసలో దివాలాని చేర్చింది. సభకి రాకపోవడం, పరదేశానికి విధేయత చూపడం, రాజద్రోహం, నేరశిక్ష లాంటివాటి పక్కనే అదీ ఉంది. అప్పు తీర్చలేనివాణ్ణి ఆ కాలం ఏ వరసలో నిలబెట్టిందో దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఇక మనిషి సంగతి. వార్డ్ 1856లో మెల్‌బోర్న్‌లో పుట్టాడు, న్యూజిలాండ్ దక్షిణ కొసన ఉన్న బ్లఫ్ అనే రేవు ఊళ్ళో పెరిగాడు. పదమూడేళ్ళకే పోస్టాఫీసులో తంతి కబుర్లు మోసే పనికి చేరాడు, ఆ తర్వాత రైల్వేలో గుమాస్తా అయ్యాడు. 1877లో ధాన్యం వ్యాపారం మొదలుపెట్టాడు. ఊరికి మేయరయ్యాడు, 1887లో అవరువా నియోజకవర్గం నుంచి పార్లమెంటుకి వెళ్ళాడు. 1891లో అప్పటి ప్రధాని బాలన్స్ మంత్రివర్గంలో పోస్ట్‌మాస్టర్ జనరల్, 1893లో సెడన్ ప్రధాని అయ్యాక వలస ఖజానాకి మంత్రి. రైతులకి తక్కువ వడ్డీకి ప్రభుత్వమే అప్పులిచ్చే చట్టం 1894లో వచ్చింది. దానికి కావలసిన 15 లక్షల పౌండ్లని 1895లో లండన్ వెళ్ళి 3 శాతం వడ్డీకి తెచ్చింది కూడా ఇతనే. దేశానికి అంత చవగ్గా అప్పు పుట్టించిన మనిషి సొంత అప్పుల్లో మునిగిపోయాడు.

మంత్రిగా ఉంటూనే వ్యాపారం కూడా నడపడం అప్పట్లో తప్పు కాదు. 1892లో తన పేరుతోనే ఒక రైతుల అసోసియేషన్ పెట్టాడు. పేరు వినగానే సహకార సంఘం అనుకోకండి. అది లిమిటెడ్ కంపెనీ. సౌత్‌ల్యాండ్ రైతుల పంట మీద, ఉన్ని మీద, గొర్రెల మీద ముందే డబ్బిచ్చి, సరుకు చేతికొచ్చాక అమ్మి సొమ్ము చేసుకునేది. ఆ డబ్బు డునెడిన్ నగరంలోని కలోనియల్ బ్యాంక్ ఆఫ్ న్యూజిలాండ్ నుంచి వచ్చేది. ధరలు పడిపోతున్న రోజులవి. రైతు బాకీ కంపెనీకి రాదు, కంపెనీ బాకీ బ్యాంకుకి వెళ్ళదు. పైగా వార్డ్ తన కంపెనీకే సొంతంగా పెద్ద మొత్తం బాకీపడ్డాడు. మన గుంటూరు మిర్చి యార్డులోనో, నిజామాబాద్ పసుపు యార్డులోనో కమీషన్ వ్యాపారం చూసినవాళ్ళకి ఈ గొలుసు వివరించనక్కర్లేదు.

1894 జూన్ ఆఖర్లో బ్యాంక్ ఆఫ్ న్యూజిలాండ్ కూలిపోయే స్థితికి వచ్చింది. 20 లక్షల పౌండ్లకి ప్రభుత్వం హామీ ఇచ్చే చట్టాన్ని పార్లమెంటు ఒక్క రాత్రిలో ఆమోదించింది. సభలో దాన్ని నడిపింది ఖజానా మంత్రి వార్డే. మరుసటి ఏడాది, ప్రభుత్వం నిలబెట్టిన ఆ బ్యాంకే కలోనియల్ బ్యాంకుని కొనేసింది. కొనేటప్పుడు ఖాతాలని మంచివి, అనుమానమున్నవి, పనికిరానివి అని జాబితాలుగా విడగొట్టారు. వార్డ్ ఖాతాలని మంచి జాబితాలో వేసుకోవడానికి కొత్త యజమాని ఒప్పుకోలేదు. అవి పాత బ్యాంకు లిక్విడేటర్ల, అంటే మూతపడ్డ బ్యాంకు లెక్కలు తేల్చేవాళ్ళ, నెత్తిన పడ్డాయి.

ప్రతిపక్షం ఊరుకుంటుందా? ఖజానా మంత్రి బాకీపడ్డ బ్యాంకుని, ప్రభుత్వ హామీతో బతికిన బ్యాంకు కొన్నది. 1896లో పార్లమెంటు కమిటీ బ్యాంకుల మీద విచారణకి కూర్చుంది. ఖాతాదారుల లెక్కలు బయటపెట్టనని బ్యాంకు అధ్యక్షుడు మొండికేస్తే సభ అతనికి జరిమానా కూడా వేసింది. వార్డ్ తను బాకీపడ్డ బ్యాంకుని కాపాడుకోవడానికే ఇదంతా చేశాడా అన్న చర్చ న్యూజిలాండ్ చరిత్రకారుల్లో ఇప్పటికీ ఉంది. నా మటుకు నాకు, ఆ మనిషి దురాశ కన్నా మితిమీరిన ఆశావాదమే ఎక్కువ కనిపిస్తుంది. వచ్చే పంటకి ధర పెరుగుతుంది, అన్నీ సర్దుకుంటాయి అన్న నమ్మకం. ఐపీ పెట్టడానికి వచ్చే క్లయింట్లలో సగం మంది సరిగ్గా ఇదే మాట చెబుతారు.

ఇక్కణ్ణుంచి తేదీలు జాగ్రత్తగా చూడండి, మీ ప్రశ్నకి జవాబు వాటిలోనే ఉంది.

వార్డ్ బాకీని కొంత తగ్గించుకుని రాజీ చేసుకుందామని లిక్విడేటర్లు కోర్టుని అనుమతి అడిగారు. డునెడిన్‌లో జస్టిస్ విలియమ్స్ 1896 జూన్‌లో ఒప్పుకోలేదు. పైగా వార్డ్ తేరుకునే ఆశ లేనంతగా దివాలా స్థితిలో ఉన్నాడని బహిరంగంగా అన్నాడు. వార్డ్ వెంటనే మంత్రి పదవికి రాజీనామా చేశాడు, ఖజానా బాధ్యత సెడన్ స్వయంగా తీసుకున్నాడు. కానీ పార్లమెంటు సీటు? అది పోలేదు. అప్పు ఆస్తికి మించిపోయిందని జడ్జి అనడం వేరు, దివాలాదారుగా చట్టప్రకారం తేలడం వేరు. రెండోది ఇంకా జరగలేదు. ఆ ఏడాది డిసెంబరు 4న సాధారణ ఎన్నికలు వచ్చాయి, వార్డ్ మళ్ళీ నిలబడి గెలిచాడు. అప్పటికి దేశమంతా అతని లెక్కలు పత్రికల్లో చదివేసింది.

1897 జూలైలో ఇక గత్యంతరం లేక తనే దివాలా దరఖాస్తు పెట్టాడు. అప్పటి న్యూజిలాండ్ పద్ధతిలో అప్పులిచ్చినవాళ్ళు దరఖాస్తు పెడితే విచారణ జరగాలి. అప్పుపడ్డవాడే పెట్టుకుంటే అంత తతంగం లేదు, ఆ క్షణం నుంచీ అతను దివాలాదారే. 1883 చట్టం తర్వాత అఫీషియల్ అసైనీ అనే ప్రభుత్వ అధికారి రంగంలోకి వచ్చాడు. దివాలాదారు ఆస్తి మొత్తం అతని చేతికి వెళుతుంది. అప్పులిచ్చినవాళ్ళ సమావేశం పిలుస్తాడు, దివాలాదారుని ప్రశ్నిస్తారు, ఆస్తి అమ్మి వచ్చింది పంచుతారు. చివరికి కోర్టు డిశ్చార్జి ఇస్తే మనిషి బయటపడతాడు. మన జిల్లా కోర్టుల్లో అఫీషియల్ రిసీవర్ చేసేది దాదాపు ఇదే. అప్పుకి జైల్లో పెట్టే పద్ధతిని ఆ వలస 1874లోనే రద్దు చేసుకుంది. కాబట్టి వార్డ్‌కి పోయేవి ఆస్తి, పరువు, సీటు.

సీటు ఖాళీ అయింది. ఖాళీ అయితే ఎన్నిక జరపాల్సిందే. ఆగస్టులో ఉప ఎన్నిక, వార్డ్ నామినేషన్ వేశాడు.

ఇప్పుడు రిటర్నింగ్ అధికారి దగ్గరికి వద్దాం. అతని పని చాలా ఇరుకైనది. నామినేషన్ సకాలంలో వచ్చిందా, ప్రతిపాదించినవాళ్ళు ఆ నియోజకవర్గం ఓటర్లేనా, పత్రం రూపం సరిగా ఉందా, అంతే. అభ్యర్థి అర్హత మీద తీర్పు చెప్పే అధికారం అతనికి ఇవ్వలేదు. ఇవ్వకపోవడం పొరపాటు కాదు, కావాలని చేసిందే. అర్హత తేల్చే అధికారం ఒక్క ఉద్యోగి చేతిలో పెడితే, అధికారంలో ఉన్నవాళ్ళు నచ్చనివాణ్ణి పోలింగుకి ముందే తప్పించగలరు. అందుకే ఎన్నిక ముందు జరిపించి, తగాదా ఉంటే తర్వాత పైవాళ్ళ దగ్గర తేల్చుకోమన్నారు. 1880 నుంచి ఎన్నికల పిటిషన్లు వినే పని ఇద్దరు సుప్రీంకోర్టు జడ్జీలది. న్యూజిలాండ్‌లో సుప్రీంకోర్టు అంటే అప్పట్లో మన హైకోర్టు స్థాయిదే అనుకోండి.

ఆ అధికారి దగ్గర దివాలా కోర్టు రికార్డు ఉండదు కూడా. దివాలా ఫైలు ఒక ఆఫీసులో, ఓటర్ల జాబితా ఇంకో ఆఫీసులో. వీటిని కలిపే దారి చట్టంలో ఒక్కటే, సీటు ఖాళీ అవడం. అది అప్పటికే పని చేసేసింది.

ఓటింగు సంగతి కూడా ఒక మాట. రహస్య బ్యాలెట్ ఆ వలసలో 1870 చట్టంతో వచ్చింది. ఇష్టమైన పేరు పక్కన గుర్తు పెట్టడం కాదు, అక్కర్లేని పేర్లు కొట్టేయడం అక్కడి పద్ధతి. ఒకరికి ఒకే ఓటు అన్నది 1889 చట్టంతో ఖాయమైంది, అంతకుముందు వేర్వేరు చోట్ల ఆస్తి ఉన్నవాళ్ళు వేర్వేరు చోట్ల ఓటేసేవాళ్ళు. 1893లో ఆడవాళ్ళకి ఓటు వచ్చింది. అంటే 1897లో అవరువాలో తీర్పు చెప్పింది భూస్వాములూ బ్యాంకర్లూ మాత్రమే కాదు, కౌలుదార్లు, రేవు కూలీలు, గొర్రెల కాపర్లు, వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు. పాత ఆస్తి ఓట్ల పద్ధతే ఉండి ఉంటే ఫలితం ఇలాగే వచ్చేదా అంటే నాకు అనుమానమే.

వార్డ్ గెలిచాడు. అంతకుముందు కన్నా ఎక్కువ మెజారిటీతో గెలిచాడు.

దీనికి సానుభూతి ఒక కారణం. అతని పేరుతో ఉన్న కంపెనీ అప్పులిచ్చింది ఆ ఓటర్లకే అన్నది ఇంకో కారణం. డునెడిన్ బ్యాంకర్లు, జడ్జీలు, పత్రికలు కలిసి మావాణ్ణి తొక్కేస్తున్నారు అన్న భావన బాగా పనిచేసింది. బ్లఫ్ దగ్గర ఓషన్ బీచ్‌లో మాంసం గడ్డకట్టించి ఎగుమతి చేసే ఫ్యాక్టరీ మొదలుపెట్టింది అతనే. ఆ ఊళ్ళో జనానికి పని దొరకడం అతని అప్పుల పుణ్యమే. మనూళ్ళో ఐపీ పెట్టినవాడి ఇంటి ముందు అప్పులిచ్చినవాళ్ళు కూర్చుంటారు, అక్కడ మాత్రం ఓట్లు వేశారు.

తగాదా అక్కడితో ఆగలేదు. వార్డ్ ఇంకా డిశ్చార్జి కాని దివాలాదారు. అలాంటప్పుడు గెలిచిన మరుక్షణమే సీటు మళ్ళీ ఖాళీ అయినట్టు కాదా అని ప్రత్యర్థులు అడిగారు. వాదనగా చూస్తే బలమైనదే. అతను సభలో కూర్చున్న ప్రతి రోజూ "దివాలాదారుడైన సభ్యుడే" కదా. మరోవైపు వాదన ఏమిటంటే, చట్టం శిక్షించింది సభ్యుడిగా ఉండగా దివాలా తీయడాన్ని. ఓటర్లు అంతా తెలిసే ఎన్నుకున్నాక, పాత దివాలా పేరుతో కొత్త సీటుని ఖాళీ చేయలేరు. సభలో సెడన్ పార్టీకి మెజారిటీ ఉంది, చేతులెత్తించి తేల్చేయొచ్చు. కానీ సొంత మనిషిని మెజారిటీతో కాపాడుకున్నారన్న అపవాదు వస్తుంది. దాంతో అవరువా సీటు విచారణ కోసమే 1897లో ఒక ప్రత్యేక చట్టం చేసి, ప్రశ్నని కోర్టుకి పంపారు. ఒక్క సీటు కోసం ఒక చట్టం! కోర్టు వార్డ్ వైపు తేల్చింది, అతను సభలో కొనసాగాడు.

ఆ రోజుల్లో ఇంగ్లండు సంగతి చూస్తే తేడా ఇంకా స్పష్టమవుతుంది. అక్కడి 1883 దివాలా చట్టం, దివాలాదారు కామన్స్ సభకి ఎన్నిక కాకూడదు, అందులో కూర్చోకూడదు, ఓటు వేయకూడదు అని మూడూ విడివిడిగా రాసింది. వార్డ్ లండన్‌లో ఎంపీ అయ్యుంటే అతని ఉప ఎన్నిక ఆశ అక్కడితో సరి. న్యూజిలాండ్ అదే ఏడాది కొత్త దివాలా చట్టం చేసుకుంది గానీ ఈ పాఠాన్ని ఎన్నికల చట్టంలోకి తెచ్చుకోలేదు.

వార్డ్ ఒక్కడే కాదు. సిడ్నీ రాజధానిగా ఉన్న న్యూ సౌత్ వేల్స్ వలసలో హెన్రీ పార్క్స్ ఉన్నాడు, ఆస్ట్రేలియా సమాఖ్యకి పితామహుడంటారు. ఎంపైర్ అనే దినపత్రిక నడిపి 1858లో దాదాపు 50,000 పౌండ్ల అప్పుతో దివాలా తీశాడు, సీటు వదులుకున్నాడు, మరుసటి ఏడాదే మళ్ళీ సభలోకి వచ్చాడు. 1870లో రెండోసారి దివాలా, మళ్ళీ రాజీనామా. 1872లో ఏకంగా ఆ వలసకి ప్రధాని. ఆ పదవి ఐదుసార్లు చేశాడు. అక్కడి దివాలా చట్టం 1841 నాటిది. దాన్ని రాసిన జడ్జి బర్టన్ అంతకుముందు దక్షిణాఫ్రికా కేప్ వలసలో జడ్జిగా పనిచేసి, ఆ డచ్చి పద్ధతుల్ని వెంట తెచ్చాడు. ఇంగ్లండులో అప్పటికి దివాలా చట్టం వ్యాపారులకొకటి, మిగతావాళ్ళకొకటి. సిడ్నీలో మాత్రం గొర్రెల యజమానికీ పత్రిక యజమానికీ ఒకే తలుపు. అప్పు మీద నడిచే కొత్త దేశాల్లో పెద్దమనుషులు తరచూ దివాలా తీస్తారు. వాళ్ళందర్నీ శాశ్వతంగా పక్కన పెడితే సభలో కూర్చోడానికి మనుషులు మిగలరు. ఆ చట్టాల మెతకదనానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం.

అందరి కథా ఇలా తేలిగ్గా ముగియలేదు. కలోనియల్ బ్యాంకు పతనంలో భారీగా నష్టపోయిన విలియం లార్నాక్ అనే ఎంపీ 1898 అక్టోబరులో పార్లమెంటు భవనంలోనే ప్రాణం తీసుకున్నాడు. డునెడిన్ దగ్గర అతను కట్టించిన కోటలాంటి ఇల్లు ఇప్పుడు టూరిస్టులు చూసే చోటు. వార్డ్ ఆస్తుల్ని స్నేహితులు కొని, వ్యాపారంలో అతన్ని మళ్ళీ నిలబెట్టారు. తర్వాత అప్పులవాళ్ళకి పూర్తిగా చెల్లించాడు కూడా. 1899లో మంత్రివర్గంలోకి తిరిగొచ్చాడు, 1906లో ప్రధాని అయ్యాడు, 1928లో మరోసారి అయ్యాడు.

ఇక మీ చివరి ప్రశ్న. మన దగ్గర కుదరదు. రాజ్యాంగం 102వ అధికరణ ఎంపీలకి, 191వ అధికరణ ఎమ్మెల్యేలకి ఒకే మాట చెబుతాయి. డిశ్చార్జి కాని దివాలాదారు ఎన్నిక కావడానికీ పనికిరాడు, సభ్యుడిగా ఉండటానికీ పనికిరాడు. వార్డ్ దూరిన సందు అక్కడే మూసుకుపోయింది. రిటర్నింగ్ అధికారి అధికారం కూడా మన దగ్గర ఎక్కువ. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 36వ సెక్షన్ కింద పరిశీలన రోజునే అర్హత లేదన్న కారణంతో నామినేషన్ తిరస్కరించగలడు. స్థానిక సంస్థల విషయంలో అయితే 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం 73వ సెక్షన్ పాతకాలపు దయ ఒకటి ఉంచింది. దివాలా దురదృష్టం వల్ల వచ్చింది, ఇతని తప్పుడు నడవడి వల్ల కాదు అని కోర్టు సర్టిఫికెట్ ఇస్తూ డిశ్చార్జి చేస్తే అనర్హత తొలగిపోతుంది.

కానీ ఒకటి గమనించండి, ఇది నా దగ్గరికి ఎన్నికల ముందు వచ్చేవాళ్ళకి ఎప్పుడూ చెప్పేదే. బ్యాంకులకి వందల కోట్లు ఎగ్గొట్టినా, ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అయినా, చెక్ బౌన్స్ కేసులు నడుస్తున్నా, అవేవీ "డిశ్చార్జి కాని దివాలాదారు" కిందికి రావు. కోర్టు దివాలాదారుగా ప్రకటించి ఉండాలి. ఐపీ దాఖలు చేసి, అది ఇంకా పెండింగులో ఉంటే కూడా ఈ అనర్హత రాదు. ఇక్కడ మనం ఆనాటి న్యూజిలాండ్ కన్నా వెనక్కే ఉన్నామనుకోవచ్చు, అప్పట్లో అక్కడ సొంత దరఖాస్తు పెడితే సరిపోయేది. కాబట్టి 1896 డిసెంబరు నాటి వార్డ్, అంటే అప్పులున్నాయని అందరికీ తెలిసినా కోర్టు ఇంకా ప్రకటించని వార్డ్, ఈ రోజు మన దగ్గర కూడా నిక్షేపంగా నిలబడగలడు. 1897 ఆగస్టు నాటి వార్డ్ నిలబడలేడు. మీరు నామినేషన్ మీద అభ్యంతరం వేయాలనుకుంటే, అభ్యర్థి అప్పుల చిట్టా తీసుకెళ్ళి లాభం లేదు. అవి అతని అఫిడవిట్‌లోనే ఉంటాయి. సర్టిఫైడ్ కాపీ తీసుకెళ్ళాల్సింది అడ్జుడికేషన్ ఆర్డరుది, అంటే కోర్టు అతన్ని దివాలాదారుగా ప్రకటించిన ఉత్తర్వుది.